మత్తుకు ముందు చెప్పాల్సిన మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంజనీరుని, డాక్టరుని కాను. అయినా ఈ విషయం ఎంచుకున్నాను. మా మేనకోడలిది మేనరికపు పెళ్ళి. వాళ్ళ అబ్బాయికి 'మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్' ఉంది. మన వైపు మేనరికాలు మామూలే కనుక ఈ మాట అందరికీ పనికొస్తుంది.

పప్పులో, పాలలో ఉండే ప్రొటీన్లు కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయని మన సైన్సు మాస్టారు చెప్పారు. వాటిలో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడింటిని ఖర్చు చేసే ఎంజైము ఈ పిల్లల్లో సరిగా పనిచేయదు. మూత్రం కాలిన చక్కెర వాసన వేస్తుంది. లూసిన్ పేరుకుపోతే మెదడు వాస్తుంది. 1954లో మెంకెస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అమెరికాలో దీన్ని మొదట వర్ణించారు. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపపు జన్యువు ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం.

తిండి కొలిచి పెడితే రోజులు గడుస్తాయి. చిక్కంతా ఆపరేషన్ దగ్గరే. ముందు పస్తు ఉంచుతారు. తిండి అందకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది, అందులోంచీ లూసిన్ వస్తుంది. నొప్పి వల్ల పెరిగే ఒత్తిడి హార్మోన్లూ అదే పని చేస్తాయి. అందుకే పస్తు మొదలైనప్పటి నుంచీ గ్లూకోజ్ ఎక్కించాలి.

ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ మందుల విలువ ఇక్కడ తెలుస్తుంది. నొప్పిని అణచడం వీళ్ళకు సుఖం కోసమే కాదు, ఆ ఒత్తిడిని తగ్గించడానికి కూడా. రెమిఫెంటనిల్ అయితే రక్తంలో, కణజాలంలో ఉన్న ఎంజైములతోనే నిమిషాల్లో విరిగిపోతుంది. పిల్లవాడు త్వరగా మేలుకుంటాడు, మెదడు ఎలా ఉందో వెంటనే చూడవచ్చు. అయితే తర్వాతి నొప్పికి వేరే ఏర్పాటు ముందే ఉండాలి. ఈ మందులు ఊపిరిని మందగింపజేస్తాయి, వాంతులూ తెప్పిస్తాయి. కాబట్టి కనిపెట్టి ఉండాలి, బాగా తినేదాకా గ్లూకోజ్ ఆపకూడదు.

జబ్బు మారితే జాగ్రత్తా మారుతుంది. హోమోసిస్టిన్యూరియా ఉన్నవారికి నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వరు. అది బి12 విటమిన్ పని చెడగొట్టి హోమోసిస్టీన్‌ను పెంచుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువవుతుంది.

పోయిన ఏడాది మా వాడికి హెర్నియా ఆపరేషన్. జాబితాలో మధ్యాహ్నం వేశారు. వాళ్ళమ్మ జబ్బు పేరు రాసిన కార్డు చూపించింది. మత్తు డాక్టరుగారు చదివి, రాత్రి నుంచే గ్లూకోజ్ పెట్టించి, పొద్దున్నే మొదటి కేసుగా మార్చారు. మూడో రోజు వాడు ఇంటికొచ్చాడు.

ఏ లైనులో ఏముందో తెలియకుండా మేము ప్లాంటు ఆపం. మత్తు డాక్టరుకూ అంతే. మీ ఇంట్లో ఇలాంటి జబ్బు ఉంటే కార్డు రాసి పెట్టుకోండి. చిన్న ఆపరేషనే కదా అనుకోకుండా ముందే చూపించండి.