హైదరాబాద్ పర్యావరణ ఉద్యమం, నగర రాజకీయం

హైదరాబాద్ పర్యావరణ ఉద్యమం తన ప్రధాన పోరాటాలను న్యాయస్థానాల్లో గెలిచింది. నగర పాలక మండలిలో మాత్రం దానికి ఇంతవరకు సొంత గొంతు లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆచార్య కె. పురుషోత్తమరెడ్డి, పటాన్‌చెరు వైద్యుడు కిషన్‌రావు వంటివారు పరిశ్రమల వ్యర్థాలతో విషమైన నక్కవాగు గురించి, దాని ఒడ్డున పొలాలూ బావులూ కోల్పోయిన రైతుల గురించి ఏళ్ల తరబడి మాట్లాడారు. ఆ వివాదం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. ఆ పోరాటంలో పర్యావరణమూ వర్గ ప్రశ్నా విడివిడిగా లేవు. ఆ తర్వాతి నగర ఉద్యమం చెరువులకూ పార్కులకూ పరిమితమవుతూ ఆ కలయికను చాలావరకు పోగొట్టుకుంది.

కోర్టు గెలుపు ఎంత పెళుసైనదో 111 జీవో చరిత్ర చెబుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ నియంత్రిస్తూ 1996 మార్చిలో వెలువడిన ఆ ఉత్తర్వు ఇచ్చిన రక్షణను ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు బలపరిచి, హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలనే ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. అయినా 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది.

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో దారి వేరుగా సాగింది. 2010లో వర్షావ్‌స్కా వీధిని ఒక ప్రైవేటు కట్టడానికి అనువుగా మార్చడాన్ని అడ్డుకున్న పౌర సంఘాల నుంచి వచ్చిన కార్యకర్తలు 2017లో మిత్రపక్షాలతో కలిసి నగరసభలో 4 స్థానాలు సాధించారు. 2021లో వారి ‘మోజెమో’ కూటమి 47 స్థానాల్లో 23 గెలవగా దాని నేత తొమిస్లావ్ తొమాషెవిచ్ మేయరయ్యారు. అద్దె ఇళ్లు, ప్రజారవాణా, చెత్త నిర్వహణ వారికి పచ్చదనంతో సమానమైన అంశాలు కావడం వల్లే ఆ బలం వచ్చిందని చెప్పాలి.

హైదరాబాద్‌లో అడ్డంకి ఓట్లలోనే కాదు, అధికార నిర్మాణంలోనూ ఉంది. 2020లో నగర పాలక మండలిలోని 150 వార్డులకు జరిగిన ఎన్నికల్లో ఓటర్లలో సగం మందైనా ఓటు వేయలేదు. గెలిచిన కార్పొరేటర్లకైనా కార్యనిర్వాహక అధికారం లేదు, అది ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. నీరూ మురుగునీరూ 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో, ప్రణాళిక 2008లో ఏర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చేతిలో ఉండగా ఆ రెండింటికీ అధ్యక్షుడు ముఖ్యమంత్రి. పౌరోద్యమం నుంచి పుట్టి 2006లో పార్టీగా మారిన లోక్‌సత్తా 2009 శాసనసభ ఎన్నికల్లో కూకట్‌పల్లి ఒక్కటే గెలవడం, బస్తీలను కలుపుకోని మధ్యతరగతి రాజకీయం పరిధి ఎంతటిదో చూపింది.

ఈ అడ్డంకిని దాటే ఒక దారి రాజ్యాంగంలోనే ఉంది. 3 లక్షలూ అంతకు మించిన జనాభా గల పట్టణ పాలక సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలని దాని 243 ఎస్ అధికరణం చెబుతుంది. ఆ కమిటీలు నిజంగా పనిచేస్తే పరిశోధనా సంస్థలున్న తార్నాక శాస్త్రజ్ఞులూ సీతాఫల్‌మండి ఇరుకు గల్లీల నివాసులూ తమ తమ వార్డుల నాలా, చెత్త, నీటి లెక్కలను బహిరంగంగా అడగగలుగుతారు, వచ్చే ఎన్నికల్లో ఆ లెక్కల మీదే ఉమ్మడి అభ్యర్థులను నిలబెట్టగలుగుతారు.