ఏఎం రేడియోలో ఎస్‌ఎస్‌బీ ఎందుకు అర్థం కాదు?

షార్ట్‌వేవ్ రేడియోలో 7 మెగాహెర్ట్జ్ దగ్గర తిప్పితే బాతు అరిచినట్టు గొంతులు వినిపిస్తాయి. రేడియో పాడైందనుకోకండి. అవి హ్యామ్‌ల ఎస్‌ఎస్‌బీ మాటలు.

ఏఎంలో ఒక క్యారియర్, దానికి రెండు పక్కలా ఒకే మాటను మోసే సైడ్‌బ్యాండ్లు ఉంటాయి. పూర్తి మాడ్యులేషన్‌లోనూ మూడింట రెండొంతుల పవర్ క్యారియర్‌కే పోతుంది. అందులో మాటే ఉండదు! ఎస్‌ఎస్‌బీలో క్యారియర్‌నీ, ఒక సైడ్‌బ్యాండ్‌నీ తీసేస్తారు. పవరంతా మాటకే. వెడల్పు కూడా దాదాపు 6 కిలోహెర్ట్జ్ నుంచి 3కి తగ్గుతుంది.

కానీ మామూలు ఏఎం రేడియోకి ఆ క్యారియరే ఆధారం. అది లేకపోతే మాట విడదీయలేదు. బీఎఫ్‌ఓ ఉన్న సెట్ ఆ లోటును లోపలే తీర్చుకుంటుంది. అదే సెట్‌లో ఏఎం కూడా వినొచ్చు. ఈల శబ్దం తగ్గుతూ మాయమయ్యేదాకా ట్యూన్ చేస్తే చాలు.

అంటే ఈ స్నేహం ఒకవైపే! హ్యామ్‌లను వినాలని రేడియో కొంటుంటే, ముందు ఎస్‌ఎస్‌బీ ఉందో లేదో చూడండి.