కథ అయిపోయాక ఇంకా మాటలెందుకు?

గన్‌ఫౌండ్రీ నుంచి ఇవాళ్టి ఎపిసోడ్. ఇక్కడికి దగ్గర్లో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు పరుస్తారు కదా, కొన్నిటికి చివరి పేజీలుండవు. ఉపసంహారమేగా, పోతే పోయిందంటారు. నాకు పేచీ అక్కడే.

సంస్కృత నాటకం చివర భరతవాక్యం ఉంటుంది. ‘అభిజ్ఞాన శాకుంతలం’లో దాన్ని చెప్పేది దుష్యంతుడే, కానీ కోరేది రాజు ప్రజల మేలు చూడాలని. అంటే వేషం తియ్యకుండానే నటుడు మనవైపు తిరిగాడన్నమాట. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’లో ప్రాస్పెరో కూడా తిరుగుతాడు, కాకపోతే ఆయనకి కావాల్సింది మన చప్పట్లు!

ఇప్పుడు గురజాడ ‘కన్యాశుల్కం’ చూడండి. 1897లో మొదటి కూర్పు, బాగా పెంచి రాసిన రెండోది 1909లో. ఆ రెండో దాంట్లో చివర శుభం పలికే పద్యం లేదు. బుచ్చమ్మని పూనాలో వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు పంతులు తేలుస్తాడు, గిరీశం విసుక్కుంటూ పోతాడు, అంతే, తెర. మరి బుచ్చమ్మ అక్కడ చదువుకుందా, మళ్లీ పెళ్లాడిందా? గురజాడ చెప్పలేదు. ఒక్క మంగళ పద్యం పెట్టుంటే మనం నిశ్చింతగా ఇంటికెళ్లేవాళ్లం. ఆ రోజుల్లో అలాంటి పిల్ల బతుక్కి అంత భరోసా ఎవరిచ్చారు గనక, ఈయన ఇవ్వడానికి?