ఒకే ఆకు, ఒకే గంటం

సమకాలీన కళలో అక్షరం గురించి మాట్లాడమన్నారు, చైనాను మరిచిపోవద్దనీ అన్నారు. మరిచిపోను. కాని నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టినవారికి నా జబ్బు తెలియంది కాదు. ఎటు బయలుదేరినా నేను తేలేది ముఖలింగం గుడి శాసనాల దగ్గరే.

చైనా కళాకారుడు షూ బింగ్ సంగతి మీకు తెలుసు. 1987లో మొదలుపెట్టి సుమారు 4,000 అక్షరాలు చెక్కమీద చెక్కి అచ్చువేశాడు. చూస్తే అచ్చం చైనా లిపే, చదవబోతే అర్థమే లేదు. ఇంకో కళాకారుడు చ్యూ జిజియే 1990 నుంచి అయిదేళ్లపాటు పాతకాలపు లేఖకుడు వాంగ్ షీజి రాసిన లాంటింగ్ పీఠికను ఒకే కాగితం మీద వెయ్యిసార్లు రాశాడు. చివరికి మిగిలింది నల్లటి కాగితం. హాంగ్‌జౌలో వాంగ్ డాంగ్‌లింగ్ అక్షరం మీద అక్షరం ఎక్కించి చదవడానికి చోటే లేకుండా చేస్తున్నాడు. వీళ్లందరి కంటే నాకు ఇష్టమైనవాళ్లు బీజింగు పార్కుల్లోని ముసలివాళ్లు. పొడుగాటి కర్రకు స్పాంజి కట్టి, నీళ్లతో నేలమీద పద్యాలు రాస్తారు. ఎండ రాగానే ఆరిపోతాయి. మన వాకిట్లో ముగ్గు మాత్రం సాయంత్రం దాకా ఉంటుందా?

నిన్నటి గోష్ఠిలో ఒక మిత్రుడు ఈ చైనావాళ్ల పనులే తెరమీద చూపించి, మనకు ఇలాంటి సంప్రదాయమే లేదని నిట్టూర్చారు. ఆయన మంచివారు. కళింగాన్నేలిన తూర్పు గాంగ రాజుల రాగిరేకులు అచ్చులో చదివారు గాని కళ్లతో చూసినట్టు లేదు. ఒకే రేకు మీద, ఒకే పంక్తిలో ఒక అక్షరం నాగరి, పక్కది దక్షిణాది. అదే అక్షరం రెండు వరుసల కింద ఇంకో వేషంలో వస్తుంది. లిపిశాస్త్రజ్ఞుడు బ్యూలర్ దీనికి కళింగ లిపి అని విడిగా పేరు పెట్టాడు. మన శాసన పరిష్కర్తల్లో చాలామందికి ఆ కలగలుపు చదవడానికి అడ్డు, అంతే. పాఠం తేల్చుకుని, అక్షరాన్ని పొట్టులా చెరిగేస్తారు. అన్ని లిపులు చేతిలో ఉన్న లేఖకుడు సరదాగా ఆడుకున్నాడేమోనన్న అనుమానం కూడా రాదా?

ఇక నా పాత తగాదా. తాటాకు చిరుగుతుందని మన అక్షరాలు గుండ్రంగా అయ్యాయని ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. సరే, పర్లాకిమిడి వెళ్దాం. అక్కడ తెలుగువాడూ ఒడియావాడూ రాసింది ఒకే తాటాకు మీద. అదే గంటం, అదే మసి. ఒడియా అక్షరం నెత్తిన గొడుగు పట్టింది. మనది తలకట్టు పెట్టుకుంది. గుండ్రదనం గంటం ఇచ్చిందే అనుకుందాం, ఈ రెండు నెత్తులనూ వేరు చేసిందెవరు? మన పాత శాసనాల్లో తలకట్టు చిన్న అడ్డగీత. దాని కుడికొస పైకి లేచింది తరవాత్తరవాత. ఆకు చెయ్యమన్న పని కాదది. ఎవరి చెయ్యో ముచ్చటపడింది, పక్కవాడి చెయ్యి ఒప్పుకుంది. దీనిమీద వ్యాసం పంపితే ఒక పత్రిక లలితకళల విషయమని తిప్పి పంపింది. లలితకళలవాళ్లు శాసనాల విషయమన్నారు. ఆ కాగితాలు మా ఇంట్లో అటక మీద ఇంకా ఉన్నాయి, నలభై ఏళ్లుగా. ఎలకలకు కూడా రుచించినట్టు లేదు.

ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పుకుంటూనే ముఖలింగం శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకున్నారు. ఆగస్టు 29న, పుట్టినరోజని, ఆయనకు దండ వేస్తాం. ఇప్పుడు ఆయన పేరుతో ఒక కంప్యూటర్ ఖతి ఉంది, గురజాడ పేరుతో మరొకటి. పోస్టర్లకు బాగానే ఉంటాయి, కాదనను.

గిడుగువారు మనసంతా పెట్టుకున్న సవర కొండజనాన్నే చూడండి. 1936లో మంగెయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే లిపి కూర్చాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరు మీద. అక్షరాలకే పూజ. 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అదే సవర ఇంట్లో గోడమీద ఎర్రమట్టి పూసి, వరిపిండితో మనుషుల్నీ ఏనుగుల్నీ దింపే పనికి వాళ్ల భాషలో రాయడమనే పేరు. సీతంపేట కొండల్లో ఒక పెద్దాయన్ని "ఈ బొమ్మ ఎవరేశారు తాతా?" అని అడిగితే, "ఏసింది కాదు బాబూ, రాసింది" అని దిద్దాడు. మన కావ్యాల్లో నాయికలు చిత్తరువులు వ్రాసేవారే గదా! వేయడం ఎప్పుడొచ్చిందో, రాయడం నుంచి బొమ్మను ఎవరు వెళ్లగొట్టారో నిఘంటుకారులు చెప్పాలి. వారు ముందు వరసలోనే ఉన్నారు, తల దించుకున్నారు.

రేపు పొద్దున్న ఆరింటికి ముఖలింగానికి బస్సు. ఈసారి చదివేవాళ్లు వెనక కూర్చోండి. చదవడం రాని కుర్రాళ్లు, బొమ్మల బడి పిల్లలు ముందుకు రండి. తలా ఒక పెన్సిలూ నాలుగు తెల్లకాగితాలూ తెచ్చుకోండి. మధుకేశ్వరుడి గుడిలో ఎవరికి నచ్చిన రాయి ముందు వాళ్లు కూర్చుని, ఒకే ఒక్క అక్షరం, తలకట్టుతో సహా, మధ్యాహ్నం దాకా గీయండి. అర్థం నన్ను అడగొద్దు.