ఫార్మసీ మిగిలిపోయిన సీటా?
(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఇంజనీరింగ్ గురించి మాట్లాడమన్నారు. మన సంఘంలో ఇంజనీర్లకు కొదవ లేదు కాబట్టి ఆ మాటలు మీరు చాలాసార్లు విన్నారు. నేను మందుల కర్మాగారాల్లో శుద్ధజలం, గాలి సరఫరా ఏర్పాట్లు చూసే మెకానికల్ ఇంజనీరుని. ఫార్మసీ చదివినవాళ్ల పక్కనే ఇన్నేళ్లూ పనిచేశాను. అయితే ఆ చదువు లోపల ఏముంటుందో మా అమ్మాయి బి.ఫార్మసీలో చేరాకే దగ్గరగా చూశాను. కాలేజీ నుంచి వచ్చి రాత్రి భోజనాల దగ్గర తను చెప్పిన సంగతులే ఈరోజు మీకు చెబుతాను.

తను 2017లో ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఎంసెట్ ర్యాంకుతో బి.ఫార్మసీలో చేరింది. చుట్టాలు ఇంటికొచ్చి "పోనీలే, రేపు మెడికల్ షాపన్నా పెట్టుకుంటుంది" అని ఓదార్చి వెళ్లారు. తన క్లాసులో చాలామంది అలాంటి ఓదార్పులు విని వచ్చినవాళ్లే. మొదటి ఏడాది ఎవరైనా ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, మా అమ్మాయి గొంతు తగ్గించి జవాబు చెప్పేది.

మొదటి సెమిస్టరులో ఒక తమాషా ఉంది. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు జీవశాస్త్రం, బైపీసీ వాళ్లకు గణితం ప్రత్యేకంగా చెబుతారు. ఇంటర్‌లోకి వచ్చినప్పుడే లెక్కల పీడ వదిలిందనుకున్న పిల్ల లాగరిథమ్స్, కాలిక్యులస్, చివరికి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ పట్టుకుని నా దగ్గర కూర్చుంది. ఫార్మసీలో ఇవెందుకని అడిగితే, జవాబు పై తరగతులకు వెళ్లాక దొరికింది. వేసుకున్న మందు రక్తంలో గంటగంటకూ ఎంత తగ్గుతుందో లెక్కకట్టేది ఆ గణితంతోనే. ఈ మాత్ర రోజుకు ఒకసారా, మూడుసార్లా అన్నది ఆ లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

ఇక ప్రయోగశాలలు. ఒక పూట టైట్రేషన్లు. ఇంకో పూట మన వంటింటి దాల్చినచెక్క, సోంపు, ధనియాలను బ్లేడుతో పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూడటం. మందు దినుసులో కల్తీని గుర్తుపట్టడానికి అదీ ఒక మార్గం. నాకు బాగా నచ్చింది మాత్రల పరీక్ష. ఇరవై మాత్రలు ఒక్కొక్కటిగా తూచి సగటు తీస్తారు. 500 మిల్లీగ్రాముల బరువున్న మాత్రల్లో, సగటుకు అయిదు శాతం మించి తేడా ఉన్నవి రెండింటికంటే ఎక్కువ ఉండకూడదు. పది శాతం మించిన తేడా ఒక్కదానిలోనూ కనబడకూడదు. తర్వాత పూత లేని మాత్రలను 37 డిగ్రీల నీటిలో ఆడిస్తే 15 నిమిషాల్లోపు విడిపోవాలి. మా ఇంజనీర్లు టాలరెన్స్ అని చెప్పుకునేది ఇదే. మా దగ్గర లెక్క తప్పితే బేరింగు పోతుంది. వాళ్ల దగ్గర లెక్క తప్పితే నష్టపోయేది మనిషి.

ఆ సంగతి మూడో ఏట తనకు బాగా పట్టుకుంది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును తియ్యని ద్రవంగా అమ్మాలని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించింది. రంగు, రుచి, వాసన చూశారు గాని, అది విషమా కాదా అన్నది చూడలేదు. చూడాలని అప్పటి చట్టం అడగలేదు కూడా. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. ఆ పాఠం విన్న రాత్రి మా అమ్మాయి అన్నం సరిగా తినలేదు. తన చదువు గురించి గొంతు తగ్గించి చెప్పడం మాత్రం ఆ తర్వాత మానేసింది.

2021లో పట్టా వచ్చింది, ఫార్మసీ కౌన్సిల్లో నమోదయింది. వెంటనే ఒకాయన ఫోన్ చేశాడు. "మీ అమ్మాయి సర్టిఫికెట్ మా షాపులో పెట్టుకుంటామండీ. తను రానక్కర్లేదు, నెలనెలా డబ్బు పంపిస్తాం" అన్నాడు. నేను ఫోన్ తనకిచ్చాను. "నేను లేనిచోట నా పేరు ఉండకూడదండీ" అని పెట్టేసింది. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది నమోదైన ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. సర్టిఫికెట్ గోడ మీద, మనిషి ఇంకోచోట ఉంటే ఆ చట్టానికి అర్థమేముంది?

తను ఒక ఆసుపత్రి మందుల కౌంటరులో చేరింది. ఒకరోజు కీళ్లవాతం ఉన్న పెద్దావిడ మెథోట్రెక్సేట్ మాత్రలు తీసుకుని "రోజూ పొద్దున్నే కదమ్మా" అంది. అది వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు. రోజూ వేస్తే నోరు పుండ్లు పడుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మా అమ్మాయి ఆవిడను కూర్చోబెట్టి, కవరు మీద "ఆదివారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసి, తోడొచ్చిన మనవడితో రెండుసార్లు చదివించింది. ఆ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారైంది. మన తెలుగువాడి చలవతో వచ్చిన మందు మన పెద్దావిడకు మేలే చేయాలంటే, కౌంటరులో ఆ ఒక్క మాట చెప్పే మనిషి ఉండాలి.

పిల్లలూ, ఎంపీసీ అయినా బైపీసీ అయినా ఈ చదువుకు దారి ఉంది. డి.ఫార్మసీ రెండేళ్లు, బి.ఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్.డి. ఆరేళ్లు. ఇష్టపడి చేరండి. తల్లిదండ్రులకు నా మనవి, పిల్లలు ఆ సీటు తెచ్చుకున్న రోజున ఓదార్చకండి, మిఠాయి పంచండి. మందుల షాపులు నడుపుతున్న నా తోటి పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. గోడ మీద ఎవరి సర్టిఫికెట్ ఉందో వాళ్లను కౌంటరులో కూర్చోబెట్టండి, వాళ్లకు తగిన జీతం ఇవ్వండి. మన ఊరి పెద్దవాళ్లు మందులు కొనేది మీ దగ్గరే.