లాక్‌డౌన్ పోయింది, వాకింగ్ తిరిగి రాలేదు

ఈరోజు మన సిద్దిపేట ముచ్చటే, మా ఇంటి ముచ్చటే.

మా బాపు రోజూ పొద్దున అయిదున్నరకే కోమటిచెరువు కట్ట మీద ఉండేవారు. నలుగురు దోస్తులు, గంట నడక, తర్వాత చాయ్. షుగర్ ఉంది కాబట్టి అస్సలు మానేవారు కాదు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఒక్క రోజులో అన్నీ బంద్.

మధ్యలో కొన్నాళ్లు మళ్లీ నడిచారు. ఇంతలో 2021 మే 12న తెలంగాణలో రెండో లాక్‌డౌన్. మొదట్లో సడలింపు పొద్దున 6 నుంచి 10 వరకే. అంటే నడిచే టైమూ, కూరగాయలు తెచ్చే టైమూ ఒక్కటే అయింది. ఏది గెలుస్తుందో మీకు తెలుసు.

జూన్ 20 నుంచి లాక్‌డౌన్ ఎత్తేశారు. బాపు మాత్రం కట్ట మీదికి పోలేదు. బద్ధకం అని నేను విసుక్కున్నా. ఒకరోజు గట్టిగా అడిగితే అసలు మాట చెప్పారు: "ఎవరితోని పోవాలె రా?"

ఆ దోస్తుల్లో ఒకాయన కరోనాతో పోయారు. ఇంకొకాయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు. ఇన్నేళ్లు ఆయన్ని నడిపించింది ఆ దోస్తులే అని నాకప్పుడు అర్థమైంది. ఆపడానికి ఒక్క ఆర్డర్ సరిపోయింది. మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ ఆర్డర్ ఇవ్వరు కదా!

పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. అంటే రోజుకి 30 నిమిషాలు, ఐదు రోజులు. మేమిద్దరం 10 నిమిషాలతో మొదలుపెట్టాం. ఇప్పుడు బాపుకి కట్ట మీద కొత్త బ్యాచ్ ఉంది, పొద్దున నన్నే లేపుతున్నారు.

మీ ఇంట్లో ఇట్ల ఆగిపోయినవాళ్లు ఉంటే "వాకింగ్‌కి పో" అనకండి. "పోదాం పా" అనండి.