ఖల్లివల్లి: చట్టం బయటికి నెట్టిన శ్రమ

ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన జీవితమంతా కూలీల జీతం బకాయిల కేసులు వాదించారు. అందుకే అక్రమ వలస గురించి నేను జీతం వైపు నుంచే మాట్లాడతాను.

అక్రమ వలస అనగానే రాత్రిపూట సరిహద్దు దాటే మనిషి కళ్ల ముందు మెదులుతాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, రాయచోటి, కోనసీమ పల్లెల నుంచి పోయినవాళ్ల కథ అది కాదు. వాళ్లలో ఎక్కువమంది విమానం దిగి, వీసా చూపించి, ముద్ర వేయించుకుని లోపలికి వెళ్లినవాళ్లే. ఖల్లివల్లి, అంటే కాగితాలు లేని కూలీలు, అయింది ఆ తర్వాత.

గల్ఫ్‌లో కూలీ నివాస హక్కు దేశంతో కాదు, కఫీల్‌తో, అంటే వీసాకు పూచీ పడిన యజమానితో, ముడిపడి ఉంటుంది. అకామా, అంటే నివాస కార్డు, తీసేదీ, పొడిగించేదీ అతనే. జీతం రాకపోయినా కూలీ తనంతట తాను ఇంకోచోట పనికి పోకూడదు. పోతే పారిపోయాడని కేసు పెడతారు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. ఆ ఒక్క ఫిర్యాదుతో జీతం అడగాల్సిన మనిషి పోలీసులకు కనపడకుండా తిరగాల్సిన మనిషి అవుతాడు. బాకీ పడ్డవాడి చేతిలోనే బాకీ అడిగేవాడిని నేరస్థుణ్ని చేసే అధికారం పెట్టిన ఏర్పాటు ఇది. ఊళ్లో వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టిన డబ్బు మాత్రం వాపసు రాదు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదన్నది మన ప్రభుత్వ నిబంధన. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఈ సభలో కూర్చున్నవాళ్లలో ఎంతమంది అంతే కట్టి వెళ్లారో మీకే తెలుసు.

ఇక ఆజాద్ వీసా. పని ఇచ్చే ఉద్దేశం లేని కఫీల్ తన పేరున వీసా తీసి అమ్ముతాడు. కూలీ బయట ఎక్కడో పనిచేసుకుంటూ, అకామా కొత్తది చేయించుకునేటప్పుడల్లా అతనికి సొమ్ము ముట్టజెప్పాలి. చట్టం ప్రకారం అది నేరమే. ఆ నేరం మీద ఆదాయం ఒకరిది, పట్టుబడినప్పుడు జైలు ఇంకొకరిది.

కాగితాలు లేనివాళ్లు తక్కువకు పనిచేసి అందరి కూలీ రేటు పడగొడతారని ఒక వాదం అన్ని దేశాల్లోనూ వినిపిస్తుంది. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ కంపెనీ జీతంకన్నా బయటి రోజుకూలీ చాలాసార్లు ఎక్కువే ఉంటుంది, అందుకే కుర్రాళ్లు క్యాంపు వదిలి పోతారు. అయితే ఆ కూలీ ఎగ్గొట్టినా, పరంజా మీంచి పడి నడుము విరిగినా అడిగే దిక్కులేదు. రేటును పడగొట్టేది ఈ అడగలేనితనం. అమెరికా అనుభవం కూడా ఇలాంటిదే. 1986 చట్టంతో అక్కడ దాదాపు 27 లక్షల మందికి కాగితాలొచ్చాయి. యజమానికి మాత్రం కాగితాలు లేనివాణ్ని తెలిసి పెట్టుకున్నాడని రుజువైతేనే శిక్ష. పెద్ద రైతులు మధ్యన కాంట్రాక్టరును పెట్టుకున్నారు, పొలాల్లో కాగితాలు లేని కూలీలు మళ్లీ నిండారు.

బహ్రెయిన్ ప్రయత్నం దగ్గర కొంచెం ఆగాలి. పర్మిట్ పోయిన విదేశీ కూలీ కఫీల్ లేకుండా, తన పేరునే పని చేసుకునేలా 2017లో ఆ దేశం ఫ్లెక్సీ పర్మిట్ ఇచ్చింది. ఖరీదైన ఏర్పాటే. మొదట కట్టే రుసుములు కాక నెలనెలా 30 దినార్లు కూలీ జేబులోంచే పోయేవి, యజమాని నెత్తిన ఏ భారమూ లేదు. అయినా ఆ కార్డు చేతిలో ఉన్నవాడు పోలీసును చూసి సందులోకి తప్పుకోనక్కర్లేదు, ఇవాళ ఒకరి దగ్గర నచ్చకపోతే రేపు ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. స్థానిక వ్యాపారులు తమకు పోటీ పెరిగిందని గోల చేశారు. 2022లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. కూలీకి బేరమాడే శక్తి వస్తే ఎవరికి కష్టమో అక్కడ తేటతెల్లమైంది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది, సౌదీ 2021లో కొంతమేరకు ఇచ్చింది. సౌదీ మార్పులు ఇళ్లలో పనిచేసేవాళ్లకు వర్తించలేదు. మన ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసేది ఇళ్లలోనే.

ఇక క్షమాభిక్ష. ఎమిరేట్స్ 2007లో, 2018లో, 2024లో, కువైట్ 2018లో, 2020లో, 2024లో ప్రకటించాయి. జరిమానా మాఫీ చేసి, అవుట్‌పాస్ (మన రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ప్రయాణపత్రం) మీద చాలామందిని పంపుతారు, యజమాని ఎగ్గొట్టిన జీతం ఊసెత్తరు. మాఫీ నిజంగా దక్కేది యజమానికి. 2020 ఏప్రిల్‌లో కువైట్ టికెట్ కూడా తానే ఇస్తానంది. అప్పుడు మనకు లాక్‌డౌన్, విమానాలు లేవు. పేరు రాయించుకున్నవాళ్లు శిబిరాల్లో పడిగాపులు పడ్డారు. ఆ జూన్‌లోనే కువైట్ ప్రధాని జనాభాలో 70 శాతం ఉన్న విదేశీయులు 30 శాతానికి తగ్గాలన్నారు. చమురు ధర పడ్డప్పుడల్లా ఈ మాట పైకి వస్తుంది.

మన ప్రభుత్వాలను తప్పించి మాట్లాడితే అది అన్యాయమవుతుంది. పదో తరగతి చదవని ఆడమనిషి 30 ఏళ్లు నిండకుండా ఇంటిపనికి గల్ఫ్ వెళ్లడానికి అనుమతి లేదు. రక్షణ కోసమేనంటారు. పిల్లల ఫీజుకూ ఇంటి అప్పుకూ ఆ రక్షణ సమాధానం చెప్పదు కనుక ఏజెంటు ఆమెను విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. దిగిన నాటినుంచే ఆమెకు చట్టం అండ లేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్‌కు పోయే కార్మికుల కనీస సూచన వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తానే తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక, 2021లో పాత రేట్లు మళ్లీ వచ్చాయి. పరాయి యజమానిని దోషిగా నిలబెట్టేముందు ఆ పది నెలల లెక్క మనం అడగాలి.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో తేవాలని 2021లో రాసిన ముసాయిదాలో, నిబంధన తప్పిన కార్మికుడి పాస్‌పోర్టు రద్దు చేసే, 50,000 రూపాయల దాకా జరిమానా వేసే వీలు పెట్టారు. ఏ రూపంలో కొత్త చట్టం వచ్చినా ఆ శిక్ష అందులో ఉండకూడదు. ఖల్లివల్లిగా తిరిగొచ్చిన మనిషి జగిత్యాలలోనో రాయచోటిలోనో కూర్చుని బకాయి జీతానికి దావా వేయగలగాలి, దాన్ని అక్కడి కోర్టులో నడిపించే బాధ్యత మన రాయబార కార్యాలయం మీద ఉండాలి. అవుట్‌పాస్ రాసే బల్ల దగ్గరే, సంతకానికి ముందే, యజమాని పేరూ బాకీ మొత్తమూ అడిగి రాసుకోవాలి.